ఉద్యోగం చెన్నైలో కావాలంటే చదువు కూడా చెన్నైలోనే చదవాలా?

అన్నయ్యగారూ, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. నాకు అర్థమైనది ముందు చెబుతాను, తప్పుంటే సరిదిద్దండి. మీది కావలి. మీ అమ్మాయి ఇంటర్ ఎంపీసీ పూర్తి చేసింది. మెకానికల్ చదివి చెన్నైలో కార్ల కంపెనీలో, వీలైతే ఎలక్ట్రిక్ బండ్ల మీద పని చేయాలని తన కోరిక. చేతిలో రెండు సీట్లున్నాయి. ఒకటి అనంతపురం జేఎన్‌టీయూ క్యాంపస్ కాలేజీలో కన్వీనర్ కోటా మెకానికల్. రెండోది చెన్నై శివార్లలో ఒక డీమ్డ్ యూనివర్సిటీలో మెకానికల్. దానికి నాలుగేళ్ల ఫీజు, హాస్టల్ కలిపి 23 లక్షలు, అందులో 20 లక్షలు బ్యాంకు లోన్. బెంగళూరులో ఉన్న మీ తమ్ముడేమో కామెడ్‌కే, అంటే కర్ణాటక ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీల కౌన్సెలింగ్‌లో పెట్టి అక్కడ చేర్చమంటున్నారు. "ఎక్కడ ఉద్యోగం చేయాలనుకుంటే ఆ ఊళ్లోనే చదవాలి" అని అందరూ చెబుతున్నారు, నిజమేనా అని అడిగారు.

నాదీ నెల్లూరు జిల్లానే. తిరుపతిలో మెకానికల్ చదివి 2003లో పినాకిని ఎక్కి చెన్నై వచ్చాను. అంబత్తూరు ఇండస్ట్రియల్ ఎస్టేట్‌లో ఒక చిన్న టూల్ రూమ్‌లో, అంటే అచ్చులు, డైలు చేసే షాపులో మొదలుపెట్టి, ఇప్పుడు ఒరగడం దగ్గర కార్లకు విడిభాగాలు చేసే కంపెనీలో ప్రొడక్షన్ చూస్తున్నాను. పన్నెండేళ్లుగా ఏటా కొత్త ఇంజనీర్లను తీసుకునే ఇంటర్వ్యూల్లో కూర్చుంటున్నాను. కాలేజీ ఎక్కడుందన్నది మా ఎంపికలో ఎంతవరకు లెక్కకొస్తుందో దగ్గర్నుంచి చూస్తున్నాను కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను.

మీకు చెప్పిన మాట సగం నిజం. కొన్ని రకాల పనులకు ఊరు ముఖ్యమే. అయితే ఆ ఊళ్లో నాలుగేళ్లూ ఉండాల్సిన పని లేదు. మూడో ఏడాది వేసవి సెలవులు, చివరి సెమిస్టర్, డిగ్రీ చేతికొచ్చాక మొదటి ఏడాది. ఈ మూడు సమయాల్లో మీ అమ్మాయి ఎక్కడుందన్నదే తన ఉద్యోగాన్ని తేలుస్తుంది. మొదటి రెండేళ్లు లెక్కలు, థర్మోడైనమిక్స్, స్ట్రెంత్ ఆఫ్ మెటీరియల్స్ చదువుకోవడానికి అనంతపురం అయినా చెన్నై అయినా ఒకటే.

మా తమ్ముడి విషయం చెబుతాను. వాడిని 2009లో చెన్నై కాలేజీ అనే ఒక్క మాట మీద నమ్మకంతో మేమే చేర్పించాం. కాలేజీ పేరు చెప్పను. తాంబరం మీదుగా పోయే జీఎస్టీ రోడ్డు దాటి లోపలికి, నగరానికి దాదాపు 40 కిలోమీటర్లు. హాస్టల్ నుంచి బయటికి రావాలంటే అవుట్‌పాస్, ఆదివారం సాయంత్రం ఆరులోపు వెనక్కి. పక్కనే పది కిలోమీటర్లలో ఫ్యాక్టరీలు వరసగా ఉన్నాయి. నాలుగేళ్లలో వాడు ఒక్క ప్లాంటు గేటు లోపలికి వెళ్లలేదు. ఇండస్ట్రియల్ విజిట్ అని మూడో ఏడాది ఊటీ తీసుకెళ్లి, దారిలో ఒక టీ ఫ్యాక్టరీ చూపించి తీసుకొచ్చారు. చివరి ఏడాది ప్రాజెక్టు బయట కొనుక్కున్నదే. అప్పట్లో నేను నెలకోసారి వెళ్లి వాడికి బిర్యానీ పెట్టి వచ్చేదాన్నే గాని, నీ ల్యాబ్‌లో లేత్ నడుస్తోందా అని ఒక్కసారి అడగలేదు. అడిగి ఉండాల్సింది. అదే ఏడాది మా కంపెనీకి కడప నుంచి ఒక కుర్రాడు వచ్చాడు. వాడి కాలేజీ పేరు మాలో ఎవరూ వినలేదు. డ్రాయింగ్ చేతిలో పెట్టి ఇందులో ఈ గుర్తుకు అర్థమేంటి, ఈ కొలత ఎలా చెక్ చేస్తావు అని అడిగితే నిలబడి చెప్పాడు. వేసవి సెలవుల్లో వాళ్ల మామయ్య లేత్ షాపులో రెండేళ్లు పని చేశానన్నాడు. వాడినే తీసుకున్నాం.

చెన్నై అనే మాటను కూడా కాస్త విప్పి చూడాలి. పని దృష్టితో చూస్తే ఇది ఒక ఊరు కాదు, నాలుగైదు ఊళ్లు. ఉత్తరాన ఎన్నూరు, మణలి. అశోక్ లేలాండ్ 1948లో మొదలైంది అటే, రిఫైనరీ కూడా అటే. పడమర అంబత్తూరు, పాడి, ఆవడి. చిన్న మెషీన్ షాపులు, టూల్ రూములు ఎక్కువ. పెరంబూరులో 1955 నుంచి రైలు పెట్టెలు చేస్తున్న ఐసీఎఫ్ ఉంది. బెంగళూరు హైవే మీద ఇరుంగాట్టుకోట్టైలో హ్యుందాయ్ 1998 నుంచి కార్లు చేస్తోంది. అక్కడి నుంచి శ్రీపెరంబుదూరు, ఒరగడం, వల్లం వడగాల్. రెనో నిస్సాన్, డైమ్లర్ ట్రక్కులు, రాయల్ ఎన్‌ఫీల్డ్, వీటికి భాగాలిచ్చే మాలాంటి కంపెనీలు అన్నీ ఆ పట్టీలోనే. చెంగల్పట్టు దగ్గర మహీంద్రా వరల్డ్ సిటీలో బీఎండబ్ల్యూ ప్లాంటు, మహీంద్రా వాళ్ల రిసెర్చ్ సెంటర్. వీటన్నిటికీ దూరంగా తూర్పున ఓఎంఆర్, అంటే పాత మహాబలిపురం రోడ్డు మీద సాఫ్ట్‌వేర్ కంపెనీలు. ఉత్తరం చివర కాలేజీలో చేరిన పిల్ల ఒరగడంలో ఇంటర్న్‌షిప్ చేయాలంటే రోజుకు నాలుగైదు గంటలు బస్సులోనే పోతాయి. కాబట్టి "చెన్నై కాలేజీ" అని ఎవరైనా చెబితే, చెన్నైలో ఎక్కడ, అక్కడికి ఏ పని దగ్గర అని అడగండి.

మేం మనుషుల్ని తీసుకునే తీరు తెలిస్తే మీకు మిగతాది సులువుగా అర్థమవుతుంది. పెద్ద కార్ల కంపెనీలు జీఈటీ పేరుతో, అంటే గ్రాడ్యుయేట్ ఇంజనీర్ ట్రైనీలుగా, కొన్ని కాలేజీల క్యాంపస్‌లకు వెళ్లి తీసుకుంటాయి. ఆ కాలేజీల జాబితా చిన్నది, ఏళ్ల తరబడి పెద్దగా మారదు. ఐఐటీ మద్రాస్, ఎన్ఐటీలు, అన్నా యూనివర్సిటీ కింద గిండీ కాలేజీ, క్రోంపేటలో అబ్దుల్ కలాం చదివిన ఎంఐటీ, తర్వాత పేరున్న కొన్ని ప్రైవేటు కాలేజీలు. మాలాంటి సప్లయర్ కంపెనీలు క్యాంపస్‌లకు తక్కువ వెళ్తాయి. మేం ఎక్కువగా మా దగ్గర ఇంటర్న్‌షిప్ చేసిన పిల్లల్లోంచి, అప్రెంటిస్‌గా ఏడాది ఉన్నవాళ్లలోంచి తీసుకుంటాం. తెలిసిన మనిషిని తీసుకోవడం మాకు ధైర్యం. ప్రొడక్షన్ లైన్ ఆగినప్పుడు ఈ పిల్ల కంగారు పడుతుందా, ఆపరేటర్‌ని పక్కకు పిలిచి నెమ్మదిగా అడుగుతుందా అన్నది ఇంటర్వ్యూలో తెలియదు, ఆరు నెలలు చూస్తే తెలుస్తుంది.

కాలేజీ దగ్గర్లో ఉంటే కలిసొచ్చేది ఇక్కడే. సెమిస్టర్ మధ్యలో వారానికి ఒకటి రెండు రోజులు ప్లాంటుకు రావచ్చు. మా ఇంజనీరు ఒకరు కాలేజీకి వెళ్లి పాఠం చెప్పి రావచ్చు. ప్రొఫెసర్‌కు మా దగ్గర ఒక సమస్య ఉందని తెలిస్తే అదే పిల్లలకు ప్రాజెక్టవుతుంది. ఐఐటీ మద్రాస్ పక్కన తరమణిలో ఉన్న రిసెర్చ్ పార్క్ ఈ పద్ధతిలోనే నడుస్తుంది. కంపెనీలు అక్కడ ఆఫీసు పెట్టుకుంటాయి, విద్యార్థులు నడుచుకుంటూ వెళ్లి పని చేస్తారు. ఎలక్ట్రిక్ స్కూటర్ల ఏథర్ ఐఐటీ మద్రాస్‌లో చదివిన ఇద్దరు 2013లో మొదలుపెట్టిందే. ఇలాంటి సంబంధం ఉన్న కాలేజీకి ఊరు నిజంగా బలం. సంబంధం లేనప్పుడు ఫ్యాక్టరీ గోడకు ఆనుకుని కాలేజీ కట్టినా ఒరిగేదేమీ లేదు.

ఏథర్ పేరు తీశాను కాబట్టి మీ అమ్మాయి కోరిక గురించి ఒక మాట. ఆ కంపెనీ పుట్టింది చెన్నైలో, ఆఫీసు బెంగళూరులో, స్కూటర్లు తయారయ్యేది హోసూరులో. టీవీఎస్ ప్రధాన ప్లాంటు కూడా హోసూరే. ఓలా ఫ్యాక్టరీ ఉన్నది కృష్ణగిరి జిల్లాలో. హోసూరు తమిళనాడులోదే అయినా బెంగళూరుకు 40 కిలోమీటర్లు, చెన్నైకి దాదాపు 300. వియత్నాం నుంచి వచ్చిన ఎలక్ట్రిక్ కార్ల కంపెనీ 2025లో ప్లాంటు తెరిచింది తూత్తుకుడిలో. కాబట్టి "ఎలక్ట్రిక్ బండ్లు, చెన్నై" అని పాప రెండూ కలిపి అనుకుంటోంది గాని, ఆ రెండూ ఎప్పుడూ ఒకచోట ఉండవు. ఏది ముఖ్యమో తనను అడగండి. ఊరు ముఖ్యమంటే పెట్రోలు కార్ల పనైనా సరే అనుకోవాలి. ఎలక్ట్రిక్ పనే ముఖ్యమంటే ఊరు ఏదైనా వెళ్లాలి.

ఇంకోటి, బ్రాంచి సంగతి. ఎలక్ట్రిక్ బండిలో మోటారు, కంట్రోలర్, బ్యాటరీ మేనేజ్‌మెంట్ అంతా ఎలక్ట్రికల్, ఎలక్ట్రానిక్స్ వాళ్ల చేతుల్లో ఉంటుంది. మెకానికల్ వాళ్లకు బ్యాటరీ వేడెక్కకుండా చల్లబరిచే డిజైన్, కేసింగ్, ఛాసిస్, సస్పెన్షన్, ఇనుప రేకును నొక్కి ఆకారం తెచ్చే ప్రెస్ షాపు, వెల్డింగ్, క్వాలిటీ ఉంటాయి. ఇవి తక్కువ పనులు కావు, నేను చేస్తున్నది ఇదే. కానీ పాప మనసులో మోటారు, బ్యాటరీ సర్క్యూట్లు ఉంటే అనంతపురంలోనే ఈఈఈకి మారే అవకాశం ఉందేమో కౌన్సెలింగ్ తర్వాతి విడతలో చూడండి. ఊరు మార్చుకోవడం తేలిక, బ్రాంచి మార్చుకోవడం కష్టం.

మీ తమ్ముడి మాట కూడా తీసిపారేసేది కాదు. బెంగళూరు బలం వేరే చోట ఉంది. అమెరికా కంపెనీ టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ 1985లో అక్కడ డిజైన్ సెంటర్ పెట్టినప్పటి నుంచి చిప్ డిజైన్‌కు అదే కేంద్రం. విమానాలు, ఉపగ్రహాలు అంటే ప్రభుత్వ సంస్థలు హెచ్ఏఎల్, ఎన్ఏఎల్, ఇస్రో, బీఈఎల్ అన్నీ అక్కడే. కార్ల విషయంలో కూడా కంప్యూటర్ మీద జరిగే పని, అంటే డిజైన్, సిమ్యులేషన్, బండి లోపలి సాఫ్ట్‌వేర్, బెంగళూరులో ఎక్కువ. మెర్సిడెస్ బెంజ్ రిసెర్చ్ సెంటర్, బాష్ సాఫ్ట్‌వేర్ అక్కడే ఉన్నాయి. ఇనుము కొట్టే పని, లైన్ నడిపే పని చెన్నైలో ఎక్కువ. మీ అమ్మాయి ఈసీఈ తీసుకుని చిప్ డిజైన్ అంటే నేనే బెంగళూరు వెళ్లమనేదాన్ని. అయితే ఒక సంగతి గమనించండి. కర్ణాటక ప్రభుత్వ ఎంట్రన్స్ కేసీఈటీ సీట్లకు ఆ రాష్ట్రంలో ఏడేళ్లు చదివి ఉండాలనే లాంటి నిబంధనలుంటాయి, కావలి పిల్లకు అవి రావు. కామెడ్‌కే మాత్రం దేశమంతటికీ తెరిచి ఉంటుంది. ఆర్‌వీ, బీఎంఎస్, రామయ్య లాంటి పాత కాలేజీల్లో మంచి బ్రాంచి వచ్చే ర్యాంకు ఉంటే ఆలోచించండి. ఆ ర్యాంకు లేకుండా బెంగళూరు అనే పేరు కోసం ఊరి చివర కొత్త కాలేజీలో చేర్చడం మా తమ్ముడికి మేం చేసిన పొరపాటే అవుతుంది. తమిళనాడులోనూ అంతే. అక్కడ ఎంట్రన్స్ లేకుండా ప్లస్ టూ మార్కుల మీద ఇచ్చే కౌన్సెలింగ్ సీట్లు అక్కడి పిల్లలకే. బయటి నుంచి వచ్చేవాళ్లకు మిగిలేది ఎక్కువగా మేనేజ్‌మెంట్ సీటు, డీమ్డ్ యూనివర్సిటీ. అందుకే చెన్నైలో చదువు మనవాళ్లకు అంత ఖరీదు.

సాఫ్ట్‌వేర్ వైపు వెళ్లే పిల్లల తల్లిదండ్రులు కూడా దీన్ని చదువుతుంటారు కాబట్టి ఒక్క మాట. పెద్ద సర్వీస్ కంపెనీలు దేశమంతా క్యాంపస్‌ల నుంచి తీసుకుని, వాళ్లకు అవసరమైన చోట వేస్తాయి. చెన్నైలో చదివిన పిల్లను పుణే వేస్తారు, విశాఖలో చదివినవాణ్ణి చెన్నై వేస్తారు. అక్కడ ఊరిని బట్టి కాలేజీ ఎంచుకోవడంలో అర్థం దాదాపు లేదు.

పరిశ్రమలు కూడా ఒకచోట స్థిరంగా ఉండవు. శ్రీపెరంబుదూరులో నోకియా ఫోన్ల ఫ్యాక్టరీ ఒకప్పుడు వేల మందికి అన్నం పెట్టింది. 2014లో మూతపడింది. మరైమలై నగర్‌లో ఫోర్డ్ ప్లాంటు నుంచి 2022లో చివరి కారు బయటికొచ్చింది. రెండేళ్ల తర్వాత మళ్లీ ఎగుమతుల కోసం ఆ ప్లాంటు వాడతామని ప్రకటించారు. ఆ మధ్యలో అక్కడ పని చేసిన నా స్నేహితులు కొందరు పుణే వెళ్లారు, ఒకావిడ మన పెనుకొండ వెళ్లింది. 2016లో ఎవరైనా పెనుకొండలో కార్లు తయారవుతాయంటే నేను నమ్మేదాన్ని కాదు. 2019లో కియా కార్లు బయటికొచ్చాయి. తడ దగ్గర శ్రీసిటీ చూడండి, చెన్నైకి 55 కిలోమీటర్లు, అయినా ఆంధ్రాలో ఉంది. ఇసుజు బండ్లు అక్కడే చేస్తున్నారు, హీరో ప్లాంటు కూడా అటువైపే. ఈ రోజు మీరు ఒక ఊరిని చూసి 23 లక్షలు కడితే, నాలుగేళ్ల తర్వాత పని ఆ ఊళ్లోనే ఉంటుందన్న హామీ ఎవరూ ఇవ్వలేరు.

ఇక డబ్బు. నాకు అన్నిటికంటే భయమేసింది మీ ప్రశ్నలో ఈ భాగమే. 20 లక్షల లోన్, 10 శాతం వడ్డీ, పదేళ్లలో తీర్చాలంటే నెలకు 26 వేల పైన కట్టాలి. చదివే నాలుగేళ్ల వడ్డీ కట్టకుండా వదిలేస్తే అది కూడా కలిసి ఇంకా పెరుగుతుంది. మాలాంటి కంపెనీల్లో కొత్తగా చేరిన మెకానికల్ ఇంజనీరుకు చేతికొచ్చేది, నేను చూసినంతలో, 20 నుంచి 25 వేల మధ్య. పెద్ద కార్ల కంపెనీలో ఇంతకన్నా మెరుగే గాని ఆ సీట్లు తక్కువ. అంటే పాప జీతం మొత్తం ఈఎంఐకి పోతుంది, చెన్నైలో రూము అద్దె, భోజనం మీరు పంపాలి. ఇది చూసి చాలామంది పిల్లలు మెకానికల్ వదిలేసి, కొంచెం ఎక్కువ జీతమిచ్చే ఏదో ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికి పోతున్నారు. ఏ పని కోసం అంత అప్పు చేశారో ఆ పనినే అప్పు దూరం చేస్తోంది. ఇది నన్ను చాలా బాధపెడుతుంది. ఇంటర్వ్యూలో బాగా చేసిన అమ్మాయి జీతం అంకె విని, "మేడం, నాకు లోన్ ఉంది" అని తలవంచుకుని వెళ్లిపోవడం ఒకసారి కాదు, నాలుగైదుసార్లు చూశాను.

లోన్ తీసుకోక తప్పదంటే పీఎం విద్యాలక్ష్మి పథకం కింద ఆ కాలేజీ వస్తుందేమో ముందు చూడండి. 2024 నవంబరులో కేంద్రం ఆమోదించింది. జాతీయ ర్యాంకింగ్ ఉన్న ఎంపిక చేసిన సంస్థలకే వర్తిస్తుంది. కుటుంబ ఆదాయం ఏడాదికి 8 లక్షల లోపుంటే 10 లక్షల వరకు లోన్ మీద, చదువుకునే కాలానికి 3 శాతం వడ్డీ రాయితీ. మీకు ఫీజు రీయింబర్స్‌మెంట్ అర్హత ఉంటే అనంతపురం సీటుతో వచ్చే ఆ లాభాన్ని కూడా లెక్కలో పెట్టండి.

అనంతపురం సీటును మీరు కాస్త తక్కువగా చూస్తున్నారనిపించింది, అందుకే చెబుతున్నా. ఆ కాలేజీ 1946లో మొదలైంది. మొదటి తరగతులు జరిగింది మద్రాసు గిండీలోనే. 1948లో అనంతపురం మారింది. అంటే మీ అమ్మాయి చేరబోయేది ఒక రకంగా గిండీ నుంచి వచ్చిన కాలేజీయే. దాదాపు ఎనభై ఏళ్లుగా బయటికొచ్చిన ఇంజనీర్లు చెన్నైలో, బెంగళూరులో, హైదరాబాదులో ప్రతిచోటా ఉన్నారు. మా కంపెనీకి మెషీన్లు అమ్మే ఆయన కూడా అక్కడివాడే. నెల్లూరు, అనంతపురం రెండూ ఎస్వీయూ (శ్రీ వెంకటేశ్వర యూనివర్సిటీ) రీజియన్ కాబట్టి పాపకు లోకల్ సీటే వచ్చి ఉంటుంది. కాలేజీ నుంచి బెంగళూరు హైవే మీద కాస్త దూరం వెళ్తే పెనుకొండ దగ్గర కియా, దాని చుట్టూ దానికి భాగాలిచ్చే కొరియా కంపెనీలు. ఇంకాస్త ముందుకు పోతే బెంగళూరు, దాని అవతల హోసూరు. ఎలక్ట్రిక్ బండ్ల పని కావాలనుకునే పిల్లకు ఇది చెడ్డ చోటు కాదు. నిజానికి చెన్నై శివారు కంటే అనంతపురమే హోసూరుకు దగ్గర.

అక్కడ చేరితే ఏం చేయాలో చెబుతాను. మొదటి ఏడాది ఏమీ అక్కర్లేదు, బ్యాక్‌లాగ్ లేకుండా చూసుకోమనండి. రెండో ఏడాది నుంచి ఒక డిజైన్ సాఫ్ట్‌వేర్, సాలిడ్‌వర్క్స్ గాని క్యాటియా గాని, ఒక్కటే గట్టిగా నేర్చుకోవాలి. నాలుగు సర్టిఫికెట్లు తెచ్చేవాళ్లను మేం ఒక్క ప్రశ్నతో పట్టుకుంటాం. జీడీ అండ్ టీ, అంటే డ్రాయింగ్ మీద కొలతలకు ఎంత తేడా ఒప్పుకోవచ్చో చెప్పే గుర్తుల భాష, ఎవరూ సరిగా చెప్పరు, అదొస్తే సగం ఇంటర్వ్యూ అయిపోయినట్టే. ఎన్‌పీటెల్ అనే వెబ్‌సైట్‌లో ఐఐటీ ప్రొఫెసర్ల పాఠాలు ఉచితం, పరీక్షకే ఫీజు. కాలేజీలో బాహా, అంటే విద్యార్థులే బండి తయారుచేసే పోటీకి, బండి కట్టే టీమ్ ఉంటే అందులో చేరమనండి. వెల్డింగ్ చేస్తూ చేతులు కాల్చుకున్న పిల్లలు ఇంటర్వ్యూలో వేరేగా మాట్లాడతారు, అది దాచినా దాగదు. మూడో ఏడాది వేసవిలో మీ కావలి దగ్గరైనా, నెల్లూరులోనైనా, అంబత్తూరులోనైనా ఒక మెషీన్ షాపులో రెండు నెలలు. జీతం అడగొద్దు, పేరున్న కంపెనీయే కావాలని పట్టుపట్టొద్దు. చిన్న షాపులో మనిషి తక్కువ కాబట్టి పని చేతికిస్తారు. పెద్ద కంపెనీలో ఇంటర్న్‌కు హెల్మెట్ పెట్టి తిప్పి చూపిస్తారు, అంతే.

మన రాష్ట్రంలో ఇప్పటి సిలబస్‌లో చివరి సెమిస్టర్‌ను ప్రాజెక్టుకు, ఇంటర్న్‌షిప్‌కు ఇస్తున్నారు. చెన్నైలో ఉద్యోగం కావాలనుకున్న పిల్ల చెన్నై రావాల్సింది అప్పుడు. ఆ ఆరు నెలల కోసం ఏడో సెమిస్టర్ మొదట్నుంచే వెతకాలి. హెచ్ఆర్ వాళ్లకు మెయిల్ పెడితే జవాబు రాదు. ప్లాంటులో పని చేసే సీనియర్‌ను పట్టుకుంటే వస్తుంది.

అదీ కుదరలేదనుకోండి, డిగ్రీ అయ్యాక అప్రెంటిస్‌షిప్ ఉంది. దీని గురించి మనవైపు చాలామందికి తెలియకపోవడం ఆశ్చర్యం. నాట్స్ అంటారు, కేంద్ర ప్రభుత్వ పథకం. పోర్టల్‌లో పేరు నమోదు చేసుకుంటే కంపెనీలు ఏడాది కాలానికి స్టైపెండ్ ఇచ్చి తీసుకుంటాయి, ఆ స్టైపెండ్‌లో కొంత ప్రభుత్వమే భరిస్తుంది. దక్షిణాది రాష్ట్రాలన్నిటికీ దీని ఆఫీసు చెన్నై తరమణిలోనే ఉంది. ఆంధ్రాలో డిగ్రీ చేసిన పిల్ల తమిళనాడులో అప్రెంటిస్‌గా చేరవచ్చు. ప్రభుత్వ రంగ సంస్థలు కూడా ఇలా తీసుకుంటాయి. మా ప్లాంటులో ఇప్పుడు లైన్ ఇన్‌చార్జులుగా ఉన్నవాళ్లలో ముగ్గురు అలా వచ్చినవాళ్లే. ఏడాది తర్వాత ఉద్యోగం ఇచ్చి తీరాలన్న నియమం లేదు, అది గుర్తుంచుకోవాలి. కానీ ఏడాది అనుభవంతో పక్క కంపెనీ గేటు దగ్గరికి వెళ్లే ధైర్యం వస్తుంది.

ఇంకాస్త చదివే ఓపిక పాపకుంటే గేట్ రాసి ఎంటెక్ ఉండనే ఉంది. ఐఐటీ మద్రాస్ అయినా, బెంగళూరు ఐఐఎస్‌సీ అయినా ఆ ద్వారం అనంతపురం నుంచీ తెరిచే ఉంటుంది. స్టైపెండ్ నెలకు 12,400 వస్తుంది, చదువుకు చేతి నుంచి పెద్దగా పడదు. డిజైన్ వైపు వెళ్లాలంటే నా మటుకు ఇదే మంచి దారి.

ఇంత చెప్పాక కూడా చెన్నై సీటే నయమనిపించే సందర్భం లేకపోలేదు. ఆ డీమ్డ్ యూనివర్సిటీ గత మూడేళ్లలో మెకానికల్ పిల్లల్ని, నిజంగా మెకానికల్ పనికి, నిజంగా చుట్టుపక్కల ప్లాంట్లకు పంపిందని మీకు రుజువు దొరికి, అప్పు పది లక్షలు దాటకుండా సర్దుబాటు చేయగలిగితే నేను వద్దనను. రుజువు ఎలా అంటే, వాళ్ల బ్రోషర్‌లో కంపెనీల బొమ్మలు చూడొద్దు. లింక్డ్‌ఇన్‌లో ఆ కాలేజీ పేజీకి వెళ్లి పూర్వ విద్యార్థుల విభాగం తెరవండి. మెకానికల్ అని, చెన్నై అని వడకట్టి చూస్తే ఎవరెవరు ఎక్కడున్నారో కనబడుతుంది. ఇదే పని అనంతపురం కాలేజీకి కూడా చేయండి, రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. వాళ్లలో ఇద్దరు ముగ్గురు అమ్మాయిలకు మీ పాప చేతే మెసేజ్ పెట్టించండి. మెకానికల్‌లో అమ్మాయిలు తక్కువ, అడిగితే ప్రేమగా చెబుతారు. తర్వాత సెమిస్టర్ నడిచే రోజుల్లో, ఓపెన్ హౌస్ రోజు కాకుండా, మామూలు మంగళవారమో బుధవారమో వెళ్లి వర్క్‌షాప్ చూడండి. మెషీన్ల మీద నూనె, కింద ఇనుప రజను ఉన్నాయా, దుమ్ము ఉందా? హాస్టల్ వార్డెన్‌ను, ఇంటర్న్‌షిప్ కోసం వారానికి రెండు రోజులు అమ్మాయిని బయటికి పంపుతారా అని అడగండి. పంపరు అంటే ఆ కాలేజీ చెన్నైలో ఉన్నా లేనట్టే.

ఆడపిల్ల, ఫ్యాక్టరీ పని, వేరే ఊరు అన్న టెన్షన్ మీ ప్రశ్నలో పైకి కనబడలేదు గాని ఉంటుందని నాకు తెలుసు, మా నాన్నకూ ఉండేది. ఇప్పుడు ఒరగడం, శ్రీపెరంబుదూరు కంపెనీల బస్సులు తాంబరం, పూందమల్లి నుంచి షిఫ్టుకు ముందే బయల్దేరతాయి. తాంబరం, పెరుంగళత్తూరు వైపు ఉద్యోగినుల హాస్టళ్లు చాలా ఉన్నాయి. తమిళం మాత్రం నేర్చుకోవాలి. లైన్ మీద ఆపరేటర్‌తో ఇంగ్లీషులో మాట్లాడితే పని జరగదు. నేను మూడు నెలల్లో నేర్చుకున్నాను, అది కూడా టూల్ రూమ్‌లో మణి అన్న అనే ఫిట్టర్ దగ్గర. ఆయన ఒక్కో స్పానర్ ఎత్తి చూపించి పేరు చెప్పించేవాడు. మా కావలి, నెల్లూరు పిల్లలకు అది కష్టమేమీ కాదు.

నన్నడిగితే అనంతపురం సీటే ఉంచుకోండి. రిపోర్టింగ్ తేదీ దాటకముందే సర్టిఫికెట్లు అక్కడ ఇవ్వండి. చెన్నై వాళ్లకు అడ్వాన్స్ కట్టి ఉంటే, వెనక్కి ఇచ్చే గడువు ఎప్పటివరకో ఈ రోజే రాతపూర్వకంగా అడగండి. ఈ దసరా సెలవులకు పాపను తీసుకుని చెన్నై వచ్చేట్టయితే ఇక్కడే రాయండి, సెలవు లేని ఒక రోజు చూసి మా ప్లాంటు లోపల తిప్పడానికి అనుమతి తీసుకుంటాను. ప్రెస్ షాపు చప్పుడు విన్నాక కూడా తనకు ఇదే కావాలనిపిస్తే, మిగతా ప్రశ్నలు తననే అడగమనండి.